వెళ్ళాము, వచ్చాము

నమోదు 1, మంగళవారం

కారం కంపెనీ వారికి,

మీ కారు తీసుకున్నవాళ్ళు ప్రతి ప్రయాణం గురించీ నాలుగు ముక్కలు రాయాలన్నారు కాబట్టి రాస్తున్నాను. రాయకపోతే కారు కదలదన్నారు కాబట్టి కూడా రాస్తున్నాను. మీరిచ్చిన పలక నా వేలిని గుర్తుపట్టడానికి మొరాయిస్తోంది. పొద్దున్నే కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీసి వచ్చిన చేయి ఇది. మీ పొట్లాల్లోకి వచ్చే కాయలే లెండి.

నా పేరు మౌనిక. అరవై దాటాయి. పేరు పెట్టినవాళ్ళకు ముందుచూపు లేదని ఊరంతా నవ్వుతుంది. కారు నాది కాదు, మా ఆడపడుచు హారికది. మా ఆయన చైతన్య పోయాక నేనూ, పెళ్ళి వద్దనుకున్న తనూ ఒకే ఇంట్లో మిగిలాం. రోజూ పోట్లాడుకుంటాం, ఒకే కంచంలో తింటాం. తనకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, పేట ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఒకసారి తప్పితే కాళ్ళు వాస్తాయన్నాడు డాక్టరు. రెండోసారి తప్పితే ఊపిరి అందదన్నాడు. మూడోసారి సంగతి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇంటింటికీ కారు వచ్చింది కదా అని బస్సులు తీసేశారు. ఇప్పుడు మా వీధిలో ఫ్యాన్ల కంపెనీ కారు ఉంది, బనియన్ల కంపెనీ కారు ఉంది. ఎదురింటి నిఖిల్‌ది సిమెంటు రేకుల కంపెనీ కారు. ఎవరి ప్లగ్గు వారిదే, ఒకరి తీగ ఇంకొకరి కన్నంలో దూరదు. ఏ కారూ ఆ ఇంటివాళ్ళను తప్ప ఎక్కించుకోదు. "కారం మాదే, కారూ మాదే" అని మీరు పాట పాడుకుంటూ వచ్చినప్పుడు, నెత్తిన ఎండ పలకలున్నాయి, ప్లగ్గు గొడవ లేదని మీదే తీసుకున్నాం.

ఇక ఇవాళ్టి ప్రయాణం. హారిక గడప దాటి కారు దగ్గరికి రాగానే అది తియ్యగా పలికింది.

"నమస్కారం హారిక గారూ. ఎక్కడికి?"

హారిక అక్కడే ఆగిపోయింది. "ఏంది వదినా ఇది! బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుద్దా?"

లోపలికి వెళ్ళి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చింది. అది మళ్ళీ "ఎక్కడికి?" అంది. తను మళ్ళీ లోపలికి వెళ్ళింది. మూడోసారి నాకు ఒళ్ళు మండి, "ఆసుపత్రికి తగలడవే!" అని కారు మీద అరిచాను. అది నన్ను పట్టించుకోలేదు. అది హారిక గొంతు తప్ప ఇంకెవరి గొంతూ వినదట. చివరికి తనే ముఖం మాడ్చుకుని "ఆసుపత్రి" అంటే కదిలింది. దారి పొడుగునా ఆ ఎక్కడికి గురించే గొణుగుతూ కూర్చుంది. మీరు కారం అమ్మేవాళ్ళేగా, ఏ ఇంట్లో ఏం అడగకూడదో కనుక్కుని రావద్దా?


నమోదు 6, శుక్రవారం

తలనూనె కంపెనీ వారికి,

కారం కంపెనీవాళ్ళు కార్ల వ్యాపారం మీకు అమ్మేశారని నిన్న కారే చెప్పింది. సంతోషం. మీ నూనె రాసుకుంటే జుట్టు మోకాళ్ళ దాకా పెరుగుతుందన్నారు. నా జుట్టు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఎక్కడికి అని అడగొద్దని వీధంతా వేలిముద్రలు వేసి పంపిన అర్జీ మీకు చేరినట్టుంది. మీ మనిషి ఫోన్ చేశాడు. దూరప్రాంతం మనిషి, తెలుగు పుస్తకం చూసి నేర్చుకున్నట్టు మాట్లాడాడు.

"మీ సంప్రదాయాన్ని గౌరవిస్తున్నాము అమ్మా. ఇకపై కారు ఏమీ అడగదు. తలుపు మూసుకునే లోపు హారిక గారు చివరగా అన్న మాటే ఆజ్ఞ. ఒకసారి బయల్దేరాక మాట మార్చడం కుదరదు."

ఆ చివరి ముక్క నేను సరిగ్గా వినలేదు. మన మాట నెగ్గిందని నిఖిల్ వీధంతా బెల్లం ముక్కలు పంచాడు. తన కారు ఇంకా ఎక్కడికి అని అడుగుతూనే ఉంది పాపం, అయినా పంచాడు. హారిక కొంగు దోపుకుని, "చూశావా వదినా, గట్టిగా అడిగితే ఎట్టా దిగొస్తారో!" అంది. నాకూ గర్వంగానే ఉండింది.


నమోదు 9, మంగళవారం

తలనూనె కంపెనీ వారికి,

మీ ఇల్లు బంగారం కానూ, ఏం చేశారో చూడండి.

పొద్దున హారికా నేనూ కారెక్కాం. తలుపు పడబోతుండగా ఎదురరుగు మీద నుంచి నిఖిల్ చెయ్యూపాడు. హారిక చెయ్యూపి, "వెళ్ళొస్తా నిఖిలూ!" అంది. తలుపు పడింది. కారు బుద్ధిగా బయల్దేరింది. మిరప చేలు దాటాం, కాలువ దాటాం, పేట చేరాం. ఆసుపత్రి గేటు కనబడింది. హారిక సంచీ సర్దుకుంది, నేను చెప్పులు వేసుకున్నాను. కారు గేటు ముందుకు వెళ్ళి, మర్యాదగా ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారి పట్టింది.

"ఏయ్, ఆగు! ఆగవే!" అని నేను. "ఆసుపత్రి, ఆసుపత్రి!" అని హారిక. గేటు దగ్గర కాపలా మనిషి మమ్మల్ని చూసి సలాం చేశాడు. తలుపులు తెరుచుకోలేదు. మళ్ళీ కాలువ, మళ్ళీ చేలు, మళ్ళీ మా ఇల్లు. వాకిట్లో ఆగి తలుపులు బార్లా తెరిచి అంది కదా:

"వెళ్ళాము, వచ్చాము. ధన్యవాదాలు."

నిఖిల్ అరుగు మీదే ఉన్నాడు. "అప్పుడే అయిపోయిందా?" అన్నాడు.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. హారిక మాత్రం నవ్వింది, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మళ్ళీ ఎక్కి "ఆసుపత్రి" అని ఒక్క మాటే అంటే తీసుకెళ్ళి, గేటులో దింపి, అయ్యేదాకా కాచుకుని తీసుకొచ్చింది. వాళ్ళు ఆలస్యమైందని సగం సేపే మిషను మీద పెట్టారు. సాయంత్రానికి తన పాదాలు నొక్కితే గుంట పడుతోంది.


నమోదు 10, బుధవారం

ప్రయాణం లేదు. అయినా రాస్తున్నాను, కడుపులో మంట చల్లారక.

మీ మనిషికి ఫోన్ చేశాను. వెళ్ళొస్తా అంటే ఎప్పుడూ వెళ్ళే చోటికి వెళ్ళి రావడమే కదమ్మా, కారు చెప్పినట్టే చేసింది కదా అన్నాడు. కాదు నాయనా, అది ప్రయాణం సంగతి కాదు, అది సెలవు తీసుకునే మాట అన్నాను. సెలవు అంటే ఆదివారమా అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

హారికకు నచ్చజెప్పబోయాను. "కారు దగ్గర మాత్రం వెళ్తన్నా అనవే. ఒక్క మాటేగా."

"చచ్చినా అనను."

"అనకపోతేనే చస్తావు."

"చావింటి నుంచి లేచేటప్పుడు తప్ప వెళ్ళొస్తానని అనకుండా ఎవరన్నా కదుల్తారా వదినా? వెళ్తన్నా అని అన్నయ్య అన్నాడుగా. ఏమైందో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. బస్సు కదిలిపోతోందని పరిగెత్తుతూ, సంచీ భుజాన వేసుకుంటూ, చైతన్య "వెళ్తున్నా" అని అరిచాడు. వెళ్ళాడు. ఆ బస్సు టైరు పేలి కాలువలో పడింది. టైరు పేలడానికీ ఆయన మాటకూ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా ఆ తర్వాత నా నోటి నుంచి ఆ మాట మళ్ళీ రాలేదు. హారిక ముందు ఆ సంగతి ఒప్పుకోలేదు, కోపంగా పెరుగు చిలికాను.

చివరికి ఒక ఉపాయం తనే చెప్పింది. ఇంట్లో చైతన్య పటం ముందు నిలబడి "అన్నయ్యా, వెళ్ళొస్తా" అని చెప్పుకుంటుంది. అక్కడితో ఆ ముచ్చట తీరిపోతుంది. ఆ తర్వాత నోరు కుట్టేసుకుని వచ్చి, కారులో "ఆసుపత్రి" ఒక్కటే అంటుంది.

"నువ్వూ నోరు కుట్టుకో వదినా, నవ్వించొద్దు," అంది.


నమోదు 17, శుక్రవారం

ఇప్పుడెవరి చేతిలో ఉంటే వారికి,

తలనూనెవాళ్ళు షామియానాల కంపెనీకి అమ్మారని విన్నాం. షామియానాలవాళ్ళు ఇంకెవరికో అమ్మబోతున్నారని కూడా విన్నాం. ఇక పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక లేదు.

పటం ఉపాయం చక్కగా నడుస్తోంది. పటానికి చెప్పడం, కారుకు "ఆసుపత్రి" అనడం, వెళ్ళడం, దిగడం. హారిక ముఖం తేటపడింది. నిన్న గోంగూర తింటానని పేచీ పెట్టింది, డాక్టరు వద్దన్నాడని నేను గిన్నె దాచాను. నేను కల్లానికి వెళ్ళగానే వెతుక్కుని తినేసి, గిన్నె కడిగి బోర్లించి, పిల్లి తినిందని చెప్పింది. గోంగూర తినే పిల్లిని నేనెక్కడా చూడలేదు.

ఊళ్ళో మాత్రం కార్లు వరసగా ఆగిపోతున్నాయి. ఈ కొత్త కంపెనీలన్నీ ఒకేచోట బ్యాటరీలు కొన్నాయట. అవి అమ్మిన ఆ ఒక్కడు చేతులెత్తేయడంతో అందరూ దివాలా. కంపెనీ మూతపడగానే దాని కార్లు ఎక్కడున్నవి అక్కడే బిగుసుకుపోతున్నాయి. బనియన్ల కారు నడిరోడ్డు మీద ఆగింది, దాని చుట్టూ తిరిగి వెళ్తున్నాం. నిఖిల్ తన రేకుల కారును విప్పి చూద్దామని స్క్రూ తిప్పాడు. అది "అనధికార చర్య" అని ఒకే ఒక్క మాట అని ఆరిపోయింది. ఇప్పుడు దాంట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

"మీదొక్కటే మిగిలిందక్కా, జాగ్రత్తగా చూసుకోండి," అన్నాడు నిఖిల్. నేను రోజూ ఎండ పలకలు తడిగుడ్డతో తుడుస్తున్నాను. మా బర్రెకు కూడా ఇంత సేవ చేయలేదు.


నమోదు 20, గురువారం

సాయంత్రం వాకిలి ఊడుస్తుంటే కారు తనంత తానే మాట్లాడింది.

"ప్రియమైన హారిక గారూ. మా సేవలు రేపు మధ్యాహ్నంతో ముగుస్తాయి. ఆ తర్వాత మీ కారు కొత్త ఆజ్ఞలు తీసుకోలేదు. మీరు చివరగా చెప్పిన ప్రయాణాన్ని గుర్తుపెట్టుకుని, ప్రతి మంగళవారం, శుక్రవారం అదే ప్రయాణం చేస్తుంది. ఇన్నాళ్ళు మాతో ఉన్నందుకు ధన్యవాదాలు."

చీపురు కింద పడేసి హారికను పిలిచాను. మళ్ళీ చెప్పించి విన్నాం. నిఖిల్‌నూ పిలిచి వినిపించాం.

"అంటే రేపు పొద్దున నువ్వు అనే మాటేనమ్మా ఇక ఎప్పటికీ," అన్నాడు నిఖిల్.

"ఆసుపత్రి అంటా. ఎన్నిసార్లు అనలేదు?" అంది హారిక. గొంతు మామూలుగానే ఉంది గానీ, పైట చివర వేలికి చుట్టుకుంటూనే ఉంది.

పొద్దున వెళ్ళి మధ్యాహ్నం దాటాకే తిరిగి వస్తాం. కాబట్టి ఒకే అవకాశం. వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. రేపు మేం బయల్దేరేటప్పుడు ఎవరూ అరుగు మీద కూర్చోవద్దు, ఎవరూ పలకరించవద్దు, చెయ్యూపొద్దు. అందరూ సరేనన్నారు. ఒకావిడ తన కుక్కను కూడా కట్టేస్తానంది.


నమోదు 21, శుక్రవారం

తప్పు నాది. ముందే రాస్తున్నాను, ఎవరైనా చదివితే హారికను అనొద్దు.

పొద్దున్నే తలంటి పోసుకుని తయారైంది. నాకే తొందర. ఇప్పుడు కారు ఆగిపోతుందేమో, ఆ కంపెనీ దొంగలు మధ్యాహ్నం అని చెప్పి పొద్దున్నే మూసేస్తారేమో అని భయం. తను దేవుడి అల్మారా వైపు తిరిగింది. "రావే, తర్వాత మొక్కుకుందువు గానీ!" అని రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాను. చైతన్య పటం ఆ అల్మారా పక్కనే ఉంటుంది.

వీధిలో ఒక్క మనిషి లేడు. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. మా పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ ఎవరినీ ఇలా పంపలేదు, ఇలా ఎవరూ మమ్మల్ని పంపలేదు. హారిక కారులో కూర్చుని అటూ ఇటూ చూసింది. "ఆసుపత్రి," అంది. స్పష్టంగా అంది. నేను ఊపిరి వదిలాను.

తలుపు మెల్లగా పడుతోంది. అప్పుడు తనకు గుర్తొచ్చింది. ఇంటి వైపు, తెరిచి ఉన్న మా గుమ్మం వైపు చూసి, చిన్నపిల్లలా తొందర తొందరగా అనేసింది.

"అన్నయ్యా, వెళ్ళొస్తా!"

తలుపు పడింది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తన చేయి నోటి మీదికి వెళ్ళింది. దారంతా తను "ఆసుపత్రి, ఆసుపత్రి, ఆసుపత్రి" అని జపం చేసినట్టు అంటూనే ఉంది. కారు విన్నట్టే లేదు. గేటు దగ్గర చుట్టు తిరిగింది. కాపలా మనిషి సలాం చేశాడు.

రోడ్డు మీద బిగుసుకుపోయిన కార్లన్నిటినీ చుట్టుకుంటూ ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. "వెళ్ళాము, వచ్చాము. ధన్యవాదాలు." తను దిగకుండానే "ఆసుపత్రి" అని గట్టిగా అరిచింది. ఇక కారు ఏమీ పలకలేదు.

నిఖిల్ తలుపు తెరుచుకుని బయటికి వచ్చాడు. మా ముఖాలు చూసి, వచ్చి హారికను పట్టుకుని దింపాడు.


నమోదు 22, మంగళవారం

ఎవరికీ కాదు. పలక ఇంకా వెలుగుతోంది కాబట్టి రాస్తున్నాను.

నాలుగు రోజులుగా చెయ్యని ప్రయత్నం లేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, వాళ్ళ బండ్లు కూడా ఏదో కొత్త కంపెనీవే, పోయిన వారమే ఆగిపోయాయన్నారు. పాపం వాళ్ళే ఏడుస్తున్నారు. కారు తలుపు పీకేద్దామంటే, తలుపు పూర్తిగా పడితే తప్ప అది కదలదు. అద్దం ముందే పగలగొడితే అసలే కదలదు. కాబట్టి గేటు దగ్గరికి వెళ్ళాకే లోపలి నుంచి పగలగొట్టాలనుకున్నాం. ఇవాళ తన వేళకు అది తలుపులు తెరిచి నిలబడగానే, ఎక్కి కూర్చున్నాం. నా ఒళ్ళో పచ్చడిబండ ఉంది.

గేటు కాపలా మనిషికి ముందే చెప్పాం. దారికి అడ్డంగా బల్ల పెట్టి, తను కూడా చేతులు చాపి నిలబడ్డాడు. కారు ఆ బల్లను దూరం నుంచే చూసి, అక్కడి నుంచే తిరిగిపోయింది. నేను పచ్చడిబండతో బాదాను. అద్దమో, ప్లాస్టిక్కో, ఏం పాపమో, గీత కూడా పడలేదు. బండ ఎగిరి నా మోకాలి మీదే పడింది. కాపలా మనిషి వెనకాల పరిగెత్తుకొచ్చాడు, ఎంత దూరం పరిగెత్తగలడు?

"కారం కంపెనీ కారేగా, పచ్చడిబండకు అలవాటు పడిపోయుంటది," అంది హారిక. అని నవ్వబోతే దగ్గు వచ్చింది. మోకాళ్ళ దాకా వాపు వచ్చింది. ముఖం ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడటం లేదని గోడకు ఆనుకుని కూర్చుంటోంది.

రెండోసారి కూడా తప్పింది. మిషను ఇక శుక్రవారమే దొరుకుతుందన్నారు, ఆ మూడోసారి తప్పకూడదు. నిఖిల్ కూరగాయల తోపుడుబండి తెస్తానన్నాడు. నడిపించుకుంటూ వెళ్తే తెల్లారగట్ల బయల్దేరి మధ్యాహ్నానికి చేరతామన్నాడు. వీధిలో ఇంకో నలుగురు తోస్తామన్నారు.


నమోదు 23, శుక్రవారం

తోపుడుబండి మీద పరుపు వేశాం. నాలుగు మూలలా కర్రలు కట్టి దుప్పటి కప్పాం. ఈసారి నేను తొందర పెట్టలేదు. హారికను చైతన్య పటం ముందు నిలబెట్టి, ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలబడమన్నాను. "అన్నయ్యా, వెళ్ళొస్తా," అంది. బయట వీధి వీధంతా నిలబడి ఉంది. అందరికీ చెయ్యూపి, అందరికీ వెళ్ళొస్తానని చెప్పింది. ఎవరి మాటా వినని కారు ఒకటి అక్కడే నిలబడి ఉంది.

చేలు దాటేసరికి ఎండెక్కింది. కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఘాటుకు తను దగ్గుతుంటే నా చెంగు ముక్కుకు అడ్డం పెట్టాను. నిఖిల్ ముందు లాగుతున్నాడు, మిగిలినవాళ్ళు వెనక తోస్తున్నారు. కాలువ దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి తియ్యటి గొంతు వినిపించింది.

"దయచేసి దారి ఇవ్వండి."

మా కారే. శుక్రవారం కదా, వేళకు బయల్దేరింది. తోపుడుబండి పక్కకు తీశాం. ఖాళీ సీట్లతో, చల్లటి గాలి లోపలే పెట్టుకుని మమ్మల్ని దాటిపోయింది. నిఖిల్ రాయి తీసి విసిరాడు. తగిలింది. కారు "ధన్యవాదాలు" అంది.

"మన కారేనా వదినా?"

"ఆ."

"ఎవరెక్కారు?"

"ఎవరూ ఎక్కలా."

"పోన్లే. అదన్నా వెళ్ళొస్తది."

నేను పక్కన నడుస్తూ చేయి పట్టుకునే ఉన్నాను. పేట వాటర్ ట్యాంకు దూరంగా కనిపిస్తోంది. "అదిగోనే, కనిపిస్తంది చూడు," అన్నాను. తను అటు చూడలేదు. నా వైపు చూసింది.

"వెళ్తన్నా వదినా," అంది.

"నోరు ముయ్యవే! వెళ్ళొస్తానను. వెళ్ళొస్తానను హారికా!" అని చేయి పట్టుకుని ఊపాను. వెళ్తన్నా అనే ఆ ఒక్క మాట కారు దగ్గర అనమని నేను ఎంత బతిమాలానో. చచ్చినా అననంది. చచ్చిపోతూ అంది.

బండి ఆపేశాం. అందరూ నిలబడిపోయారు. అప్పుడే ఎదురుగా మళ్ళీ వచ్చింది మా కారు, గేటు దాకా వెళ్ళి చుట్టు తిరిగి. "దయచేసి దారి ఇవ్వండి" అంది. ఎవరూ కదల్లేదు. అది రోడ్డు దిగి, మా పక్క నుంచి జాగ్రత్తగా వెళ్ళి, మళ్ళీ రోడ్డెక్కి, మాకంటే ముందు ఇంటికి చేరింది.


నమోదు 24

కర్మకాండలు అయ్యాయి. వచ్చినవాళ్ళు వస్తున్నారు, కాసేపు కూర్చుంటున్నారు, ఏమీ చెప్పకుండా లేచి వెళ్ళిపోతున్నారు. చావింట్లో ఎవరూ వెళ్ళొస్తామని చెప్పరు. చెబితే ఆ ఇంట్లో ఇంకో చావుకు వస్తామన్నట్టు. నిఖిల్ కూడా రోజూ వచ్చి, అరుగు మీద కూర్చుని, చటుక్కున లేచి పోతున్నాడు. ఇంత నిశ్శబ్దం ఈ ఇల్లు ఎరగదు.

కారు మాత్రం మానలేదు. మంగళవారం వెళ్ళింది, వచ్చింది. శుక్రవారం వెళ్ళింది, వచ్చింది. కింద రాళ్ళు పెట్టాం, పక్క నుంచి వెళ్ళింది. ఎండ పలకల మీద గోనెపట్టా కప్పాను, గాలికి ఎగిరిపోయింది. వచ్చి తలుపులు తెరిచి, ఎవరైనా దిగుతారేమోనన్నట్టు కాసేపు అలాగే ఉంటుంది. మొదట్లో ఆ గొంతు వింటే వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఇప్పుడు కూర్చునే ఉంటున్నాను. తిట్టడానికి కూడా ఓపిక లేదు.

ఇవాళ ఒక కుర్రాడు వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. అగరొత్తుల కంపెనీ తరఫున వచ్చానన్నాడు. వాళ్ళు కూడా కార్లలోకి దిగుతున్నారట. పాత కంపెనీలు జనం మనసు తెలుసుకోలేకపోయాయట, వీళ్ళు తెలుసుకున్నారట. హారిక పటానికి వేసిన దండ చూశాడు, రెండు చేతులూ జోడించాడు, ఒక అగరొత్తుల కట్ట పటం ముందు పెట్టాడు. ఆ మర్యాద బాగానే ఉంది. తర్వాత కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. తెలుగు శుభ్రంగా, ఒక్క తప్పు లేకుండా మాట్లాడాడు. ఎక్కడో పెట్టి నేర్పించారు.

"మా కారుకు మీ సంప్రదాయాలన్నీ తెలుసమ్మా. ఎక్కడికి అని అడగదు. వెళ్ళొస్తాను అంటే అది సెలవు తీసుకోవడమని దానికి నేర్పించాం."

అరుగు మీద నిఖిల్, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. నేను మంచినీళ్ళు ఇచ్చాను. తాగాడు. కాగితం ఒకటి నా పక్కన పెట్టి, ఆలోచించుకోమన్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. వెనక్కి తిరిగి, నేర్పినవాళ్ళు నేర్పినట్టే, నవ్వుతూ చేతులు జోడించాడు.

"వెళ్ళొస్తానమ్మా."

అరుగు మీద ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. నిఖిల్ "ఓరి నీ..." అంటూ లేచాడు. చెయ్యెత్తి ఆపాను. ఆ పిల్లాడికేం తెలుసు? ఏం జరిగిందో తెలియక, నవ్వు ముఖం మీద అలాగే ఉంచుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"రా నాయనా," అన్నాను. "మళ్ళీ రా. ఈ ఇంట్లో ఇంకా నేనున్నాగా."